అడగకముందే తాగిన కాఫీ

అమ్మాయిని అడగడానికి వెళ్ళే పెద్దమనుషుల బృందానికి నేనే ముందుండి మాట్లాడాలని మా అన్న కొడుకు ఐహమ్ పట్టుబట్టినప్పుడు, ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. మా అన్న ఫవ్వాజ్ మాత్రం నవ్వలేదు.

“నాయెఫ్ బాబాయ్ మాట్లాడకపోతే నాకీ పెళ్ళే వద్దు,” అన్నాడు ఐహమ్.

“ఒరేయ్, నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?” అని కసిరి, వెంటనే నావైపు చూసి నాలుక కరుచుకున్నాడు అన్న. మతి అనే మాట మా ఇంట్లో నా ముందు ఎవరూ అనరు. అనకుండా ఉండటానికి వాళ్ళు పడే తంటాలు చూస్తే నాకే జాలేస్తుంది.

“తిట్టుకో అన్నయ్యా. ఆ మాటేమీ నా ఒక్కడి సొత్తు కాదు,” అన్నాను.

“వేళాకోళం కాదురా. పిల్ల రనీమ్ వాళ్ళ నాన్న అబూ ముస్లిహ్ సంగతి నీకు తెలుసు. ప్రతిదీ ఆరా తీసే మనిషి. ఈ జబ్బు మీ రక్తంలోనే ఉందా అని ఆయన అడిగితే నేనేం చెప్పను? నువ్వు వెనక వరసలో కూర్చుంటే ఎవరి కంటా పడవు. పిల్లాడి పెళ్ళి చెడగొట్టకురా బాబూ.”

అన్న భయంలో అన్యాయమేమీ లేదు. నన్ను చూసి భయపడటానికి జోర్డాన్‌లోని మా సాల్ట్ ఊళ్ళో ఎవరికైనా కావలసినన్ని కారణాలు ఉన్నాయి.

నా జబ్బు పేరు బైపోలార్. మనసు కొన్నాళ్ళు ఆకాశానికెక్కుతుంది, కొన్నాళ్ళు పాతాళానికి పడుతుంది. ఊళ్ళో దానికి ఇంకా చాలా పేర్లున్నాయి. దిష్టి అన్నారు, జిన్ను పట్టిందన్నారు, మా అత్తగారు ఒళ్ళు కొవ్వెక్కి అన్నారు. మొదటిసారి నేను పైకెక్కినప్పుడు నాకు నిద్ర అవసరం లేకపోయింది. మాకున్న మొక్కల నర్సరీలో నిమ్మకొమ్మకు ఆలివ్ అంటు కట్టి, ప్రపంచాన్ని మార్చేస్తున్నానని మొక్కలకే చెప్పాను. బస్టాండులో బల్ల ఎక్కి, మా కొండ మీదినుంచి మృతసముద్రం దాకా తీగల మీద బండి నడిపిస్తానని ఉపన్యాసం దంచాను. విన్నవాళ్ళందరినీ మా ఇంటికి పెరుగులో ఉడికించిన మాంసం, మన్సఫ్ తినడానికి రమ్మన్నాను. అందరూ వచ్చారు. మా ఆవిడ తమామ్ ఆ పూట ఇద్దరికి సరిపడా పప్పుచారు కాచింది.

అదే ఊపులో ఒకరోజు మంగలి షాపులో కూర్చుని ఉంటే, పక్క కుర్చీలో కుర్రాడెవరో ఒక అమ్మాయి పేరు తలచుకుని నిట్టూర్చాడు. నేను ఊరుకుంటానా! దారినపోయే పెద్దమనుషుల్ని పోగేసుకుని, ఆ సాయంత్రమే అమ్మాయి ఇంటికి వెళ్ళి వాడి తరపున అడిగేశాను. ఈ విషయం వాడికి తెలియదు, వాడి తండ్రికీ తెలియదు. నా మాటలకు ఆ పిల్ల తండ్రి కళ్ళు తుడుచుకుని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు వాళ్ళు పిల్లాపాపలతో ఉన్నారు, వాడు మాత్రం నన్ను చూస్తే ఇప్పటికీ రోడ్డు దాటేస్తాడు. నాయెఫ్‌లా మాట్లాడేవాడు ఊళ్ళో లేడన్న పేరు నాకు ఆ రోజే వచ్చింది.

పైకెక్కినవాడు మెల్లగా దిగొచ్చు. నేను దిగలేదు, పడ్డాను. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాను. అటునుంచి ఇటు పొర్లడమే నాకు పెద్ద పనైపోయింది. తమామ్ ఒక్కతే నర్సరీకి నీళ్ళు పెట్టుకుంటూ, మధ్యమధ్య వచ్చి నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూసుకునేది. నేను లేకపోతేనే అందరికీ సుఖమని నిజంగా నమ్మాను. ఈ రోజుల మీద కూడా హాస్యమాడదామని చాలాసార్లు ప్రయత్నించాను, నావల్ల కాలేదు.

తాయెత్తు కట్టించారు, తేనె నాకించారు, చెవిలో ఊదించారు. చివరికి తమామ్ నన్ను అమ్మాన్‌లో డాక్టర్ లుబ్నా దగ్గరికి లాక్కెళ్ళింది.

“ఇందులో రకాలున్నాయి నాయెఫ్ గారూ,” అంది డాక్టరమ్మ. “మీది మొదటి రకం. ఎక్కితే ఊరంతా చూస్తుంది. రెండో రకం వాళ్ళు ఎక్కేది కొంచెమే. మనిషి హుషారుగా ఉన్నారని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు కూడా. పడటం మాత్రం చాలా లోతుకు పడతారు. అందుకే దాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ పోల్చుకోలేరు. ఇంకొందరికి చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి.”

“అయితే నాది పెద్ద సైజన్నమాట,” అన్నాను. ఆవిడ నవ్వకుండా మందు రాసింది.

ఆ మందు లిథియం, ఒక రకం ఉప్పు. మానకుండా మాత్ర, కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష, వేళకు నిద్ర, దండిగా మంచినీళ్ళు. వీటికి తోడు ఒకాయన ఎదుట కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం కూడా వైద్యంలో భాగమే. అక్కడ నేను నేర్చుకున్నదేమిటంటే, నాకు గొప్ప ఆలోచన వస్తే ముందుగా తమామ్‌కు చెప్పాలి. “పడుకుని లేచాక చూద్దాం లెండి,” అంటుంది తను. పడుకుని లేచాక ఆ ఆలోచన నాకే సిగ్గుగా ఉంటుంది. మృతసముద్రానికి తీగల బండి అలాగే దక్కకుండా పోయింది.

మందు పనిచేసింది. ఏళ్ళుగా నేను ఎక్కలేదు, పడలేదు. కాకపోతే చేతులు సన్నగా వణుకుతాయి, నోరు ఎండిపోతుంది, ఎన్ని నీళ్ళు తాగితే అన్నిసార్లు బాత్రూముకు లేవాలి. మాట కూడా నెమ్మదించింది. పిచ్చిని పంపేస్తూ మాత్రలు నా నాలుకను కూడా దాంతోపాటే పంపేశాయేమోనని నా దిగులు.

చివరికి ఐహమ్ పంతమే నెగ్గింది. బృందానికి పెద్దను నేనే. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే రంధి పట్టుకుంది. ఈ మొద్దు నాలుకతో అక్కడ ఏం మాట్లాడతాను? వాళ్ళు కాదంటే ఐహమ్ బతుకు నా చేతులమీదుగా పాడవుతుంది కదా.

“తమామ్, ఆ పని అయ్యేదాకా మాత్రలు ఆపితే ఎలా ఉంటుందంటావ్? పాత నాయెఫ్ ఒక్క సాయంత్రానికి వచ్చి మాట్లాడి వెళ్ళిపోతాడు,” అన్నాను.

“ఆపండి, బ్రహ్మాండంగా ఉంటుంది. ఐహమ్‌కు రనీమ్‌ని అడుగుతారు, ఆ పక్కింటి పిల్లను ఇంకెవడికో అడుగుతారు, ఆ ఊపులో మీక్కూడా ఒకతెను అడిగేసి వస్తారు,” అంటూనే డాక్టరమ్మకు ఫోన్ కలిపి నా చెవికి ఆనించింది.

“ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మునుపటికంటే గట్టిగా కూడా రావచ్చు,” అంది డాక్టరమ్మ. “అప్పుడక్కడ మాట్లాడేది మీరు కాదు, మీ జబ్బు. మాత్ర వేసుకోండి, నిద్రపోండి, నీళ్ళు తాగండి. మాటలు తక్కువైతే ఏం? తక్కువే మాట్లాడండి.”

మాత్ర వేసుకున్నాను. నిద్రా పోయాను. నీళ్ళ దగ్గర మాత్రం నా తెలివి నన్ను ముంచింది. మంచి ఉపన్యాసం మధ్యలో లేచి “ఇప్పుడే వస్తా” అని పరిగెత్తే పెద్దమనిషిని ఎవరైనా ఎక్కడైనా చూశారా? అందుకని పొద్దుటినుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు. ఆ మందు వేసుకునేవాడు చేయకూడని పనుల్లో అది మొదటిదని తెలిసీ చేశాను.

కారులో మా అన్న నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“కప్పు చేతికిస్తారు. తీసుకో. తాగకు. ముందు బల్ల మీద పెట్టు. ‘తాగండి’ అంటారు. ‘మాకొక కోరిక ఉంది, అది తీరితేనే తాగుతాం’ అను. వాళ్ళు పిల్లనిస్తామన్నాక తాగు. అర్థమైందా?”

“అన్నయ్యా, నేను పుట్టింది ఈ ఊళ్ళోనే.”

“అయినా ఇంకోసారి విను. కప్పు చేతికిస్తారు...”

అబూ ముస్లిహ్ ఇంటి హాలు గోడల పొడుగునా మగవాళ్ళతో కిక్కిరిసి ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయే గాని గాలి లేదు. నా మీద కోటు, కోటు మీద అబా అనే పొడవాటి ఉన్ని అంగీ. లేని పెద్దరికం రావాలని తమామ్ కప్పింది. నడిమి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు, ఎదురుగా అబూ ముస్లిహ్. నాలుక పిడచకట్టుకుపోయింది. కుశలప్రశ్నలు సాగుతున్నాయి, నేను లోపల నా మొదటి వాక్యం వల్లె వేసుకుంటున్నాను. కాఫీ పోసేవాడు వంగి కప్పు నా చేతిలో పెట్టాడు.

తాగేశాను.

ఒక్క గుక్కలో తాగేశాను. అంతటితో ఆగినా బాగుండేది. చిన్నప్పటినుంచి ఉన్న అలవాటు కదా, ఇక చాలన్నట్టు కప్పును అటూ ఇటూ ఊపి తిరిగి ఇచ్చేశాను. ఇచ్చాక గాని నాకు వెలగలేదు. మా అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

అబూ ముస్లిహ్ పక్కనున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. “మీకు మావల్ల కావలసిందేమీ లేనట్టుంది. సంతోషం. కునాఫా మిఠాయి తిని వెళ్ళండి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఇంకెవరో, “ఇతను ఆ బస్టాండు నాయెఫ్ కదూ?” అన్నారు. నవ్వు పెద్దదైంది.

నోరు తెరిచాను. నేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ బయటికి రాలేదు. గోడవారగా కూర్చున్న ఐహమ్ నావైపే చూస్తున్నాడు. నా మీద నేను ఎన్ని జోకులైనా వేసుకోగలను. ఆ పిల్లాడి మొహం చూశాక మాత్రం నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

అప్పుడు మా అన్న లేచి నిలబడ్డాడు. నన్ను బయటికి తీసుకెళ్ళడానికే లేచాడనుకుని నేనూ లేవబోయాను. నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“అవును, ఆ నాయెఫే,” అన్నాడు. “నా తమ్ముడు. వీడికి బైపోలార్ అనే జబ్బుంది. మందు వేసుకుంటున్నాడు. ఏళ్ళుగా బాగున్నాడు, నాకంటే బాగున్నాడు. ఆ మందుకు గొంతెండిపోతుంది, అందుకని తాగాడు. వీణ్ణి వెనక కూర్చోబెట్టాలని చూసింది నేను, సిగ్గుపడాల్సింది కూడా నేనే. మా ఇంటి తరపున మాట్లాడేది వీడే. నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వండి.”

ఆ జబ్బు పేరు మా అన్న నోటివెంట రావడం నేను అంతకుముందెన్నడూ వినలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒంట్లో నీళ్ళే లేవు, అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు.

అబూ ముస్లిహ్ లోపలి గది తలుపువైపు చూశాడు. చాలాసేపు అటే చూసి ఇటు తిరిగాడు.

“ముందు ఆయనకు మంచినీళ్ళు తెండి. జగ్గుతో తెండి,” అన్నాడు. నేను తాగుతున్నంతసేపూ ఆగి, కాఫీ పాత్ర తనే అందుకుని ఇంకో కప్పు పోసి ఇచ్చాడు.

ఈసారి బల్ల మీద పెట్టాను. పెట్టడంలోనే సగం ఒలికింది.

“అబూ ముస్లిహ్, నాకు మాటలు తక్కువైపోయాయి,” అన్నాను. “మా పిల్లాడు మంచివాడు. మీ రనీమ్‌ని వాడికి అడుగుతున్నాం. మా సంగతి మొత్తం విన్నారు, ఇంక దాచిందేమీ లేదు.”

“అడిగింది ఇచ్చాం. తాగవయ్యా,” అన్నాడు ఆయన.

సంబంధం ఖాయమైనట్టుగా అందరూ అరచేతులు తెరిచి ఫాతిహా ప్రార్థన చదివారు. జనం వెళ్ళాక దగ్గరివాళ్ళను ఉంగరం తొడగడానికి లోపలికి పిలిచారు. రనీమ్ లేత నీలం గౌనులో ఉంది. ఐహమ్ తనని నా దగ్గరికి తీసుకొచ్చాడు.

“మామయ్యా, మాత్ర మీరు పొద్దున వేసుకుంటారా, రాత్రా?” అని మెల్లగా అడిగింది.

నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. “రాత్రమ్మా, ఏం?”

“నేనూ రాత్రే. నాది రెండో రకం.” ఇది ఆమె చెప్పమన్నాకే మీకు చెబుతున్నాను. “ఐహమ్‌కు మొదట్లోనే చెప్పేశాను. ‘మీ బాబాయిని మీవాళ్ళు ఎక్కడ కూర్చోబెడతారో చూశాకే ఒప్పుకుంటాను’ అని తనతో అన్నాను. రేపు నన్ను కూర్చోబెట్టేదీ అక్కడే కదా!”

“నేను అడగకముందే కాఫీ తాగేశానమ్మా,” అన్నాను. అంతకంటే తెలివైన మాట తోచలేదు.

“చూశాను. తలుపు సందులోంచి అంతా చూశాను. మీ అన్నయ్య లేచి నిలబడ్డాకే నాన్నకు తలూపాను.”

నిలబడినచోటే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. అన్న గాభరాగా పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైందిరా? మాత్ర మర్చిపోయావా?”

“లేదన్నయ్యా, మంచి సంబంధం,” అన్నాను.