రెండు నిలువుల లోతు

మా రేవు లోతు తక్కువది. ఆటువేళ, సముద్రం వెనక్కి తీసినప్పుడు, చాలా చోట్ల మోకాలి మట్టమే నీళ్ళు. పెద్ద దీవికీ చిన్న దీవికీ మధ్యనున్న ఒక్క కాలువలోనే లాంచీ నడుస్తుంది. ఆ కాలువైనా ఒకచోట నిలవదు. ఏటా వానలు వెళ్ళేసరికి ఇసుక జరుగుతుంది. పూర్వం పడవవాళ్ళు వెదురు గడలు పాతి దారి గుర్తుపెట్టుకునేవారు. ఇసుక జరిగినప్పుడల్లా వాటిని పీకి మరోచోట పాతేవారు.

పన్నెండేళ్ళ కిందట రేవు ఆఫీసువాళ్ళు గడలకు బదులు సిమెంటు స్తంభాలు వేయాలనుకున్నారు. సరైన పటం లేక, బడిపిల్లల కోసం నేను గీసింది అడిగి తీసుకుని, దాని ప్రకారమే స్తంభాలు పాతారు. ఆ పటంలో కాలువ మధ్య ‘రెండు నిలువుల లోతు’ అని ఉంటుంది. లాంచీ డ్రైవరైన మా తమ్ముడు గడ వేసి చెబుతుంటే నేను పక్కన కూర్చుని రాసుకున్న లెక్క అది.

“బాగా గీశావక్కా. ఇసుకక్కూడా ఓసారి చూపించు, బుద్ధిగా కూర్చుంటుంది,” అన్నాడు.

మూడేళ్ళకే స్తంభాల మధ్య ఇసుక మేట వేసింది. తమ్ముడు దక్షిణంగా చుట్టు తిరిగి నడిపేవాడు. పటం పాతబడిందని ఆఫీసుకు రాసివ్వమని నన్ను చాలాసార్లు అడిగాడు. పరీక్షలయ్యాక చూద్దామనేదాన్ని.

పోయిన నెల, స్తంభాలు దాటి నడిపితే లైసెన్సు తీసేస్తామని నోటీసు వచ్చింది. ఆ వారమే, ప్రయాణికులను దీవిలో దింపి, తమ్ముడు స్తంభాల మధ్యగా తిరిగి బయల్దేరాడు. లాంచీ మేటెక్కింది. పక్కనుంచి వచ్చిన అల దాన్ని తిరగేసింది.

విచారణలో గుమాస్తా నా ముందు కాగితం పెట్టాడు. పటం సరైనదేనని నేను సంతకం చేస్తే, తప్పు డ్రైవరుదవుతుంది.

“కాదని రాస్తే మీ మెడకు చుట్టుకుంటుంది టీచరుగారూ. ఆయన ఎలాగూ పోయాడు. మీకింకా సర్వీసుంది.”

“వాడి పేరు కూడా పోవాలా?” అన్నాను.

‘గీసిన ఏడాది ఈ పటం సరైనదే. తర్వాత తప్పయింది. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు.’ ఇంతే రాశాను.

“చివరి మాట అక్కర్లేదేమోనండీ,” అన్నాడు గుమాస్తా. నేను కొట్టేయలేదు.

సాయంత్రం నకలు తీసుకుని మరదలి దగ్గరికి వెళ్ళాను. వాడి మీద ఇక మాట రాదని చెప్పాను. ఆమె గుమ్మంలో నిలబడి మెల్లగా చదివింది.

“నాలుగు ముక్కలే కదా వదినా,” అంది. “ఆయన అడిగినప్పుడు రాయడానికి ఎంతసేపు పట్టేది?”

కాగితం మడిచి నా చేతికిచ్చింది. నేను చెప్పులేసుకున్నాను.