ముహూర్తపు షాట్

యోగిత సామాన్లు ఫుట్‌పాత్ మీద తడుస్తున్నాయి. రైస్ కుక్కరు, పుస్తకాలు, దుప్పటి, అమ్మ పంపిన గోంగూర పచ్చడి డబ్బా. క్లాండాల్కిన్‌లో పొద్దుటి నుంచీ సన్నగా వాన పడుతూనే ఉంది. గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు ఇంటి ఓనరు కొండల్ రావు. తెలుగు సంఘానికి పెద్ద దిక్కు, పండగలకు స్పాన్సరు, ఊరందరికీ అంకుల్.

యోగిత చేసిన నేరం ఒక్కటే. మంచం పక్క గోడంతా నల్లబూజు పట్టింది, దగ్గు తగ్గడం లేదు, బాగుచేయించండి అని అడిగింది.

"బూజు యాడ లేదు బిడ్డా? గిది ఐర్లాండ్. నచ్చకుంటే వేరే సూస్కో. ఇల్లు దొరక్క తిరిగెటోళ్లు మస్తు మంది ఉన్నరు," అన్నాడాయన నింపాదిగా.

ఇంట్లో ఉన్న స్టూడెంట్లంతా కిటికీల్లోంచి చూశారు. ఒక్కరూ కిందికి దిగలేదు. దిగింది హాసిని ఒక్కతే, అదీ చేతిలో కెమెరాతో. తడిసిన కుక్కరునీ, యోగిత మొహాన్నీ తీసింది.

యోగిత తలెత్తింది. "నా ఏడ్పు మంచిగొస్తుందా అక్కా?"

హాసిని చెయ్యి కిందికి జారింది. అప్పటికి ఆమె రెండు షార్ట్ ఫిలిములు తీసింది. రెండింట్లోనూ ఒకమ్మాయి గాల్వే సముద్రం వైపు చూస్తూ నిలబడుతుంది, వెనక వయొలిన్ మోగుతుంది. సంఘం హాల్లో పిల్లల డాన్సులకీ బిర్యానీకీ మధ్య వేశారు. ఎవరూ చూడలేదు. కొండల్ రావు మాత్రం స్టేజీ మీద శాలువా కప్పి, "మా ఇంట్ల ఉండే పిల్ల, పెద్ద డైరెక్టర్ అయితది" అన్నాడు. ఆ శాలువా కప్పించుకుని ఆయనకు దణ్ణం పెట్టిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది.

పక్క వీధిలో ఉండే దేవమణి యోగితను తన ఇంటికి తీసుకెళ్లింది. ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో కేరరు ఆమె. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె వంటగదిలోనే కొండల్ రావు ఇంటి స్టూడెంట్లంతా కూడారు.

"కంప్లైంట్ ఇద్దాం" అని ఒకరంటే, "ఇస్తే రేపు మన సామాన్లూ రోడ్డు మీదే. సెమిస్టర్ మధ్యలో ఎక్కడికి పోతాం?" అన్నాడు రఘువీర్. అందరికీ ఉన్న భయమే అది, అతను బయటికన్నాడు అంతే.

"ఒక్కొక్కళ్లుగా అడిగితే ఒక్కొక్కళ్లనీ గెంటేత్తాడు నాయనా," అంది దేవమణి టీ పోస్తూ. "అందరూ కలిసి అడిగితే అంత ఇల్లూ ఖాళీగా ఎట్టుకుని ఏం జేసుకుంటాడు?"

"సినిమా తీద్దాం," అంది హాసిని.

"మళ్లీ సముద్రమా?" అన్నాడు రఘువీర్.

"కాదు. మీ గదులు. మీ మాటలు."

యోగిత దగ్గు ఆపుకుని అంది: "తీస్తే ఎవరి గది వాళ్లే తీయాలె. కెమెరా నీ ఒక్కదాని చేతుల ఉండొద్దు." హాసిని కెమెరా తీసి ఆమె ముందు పెట్టింది. సరేనంది.

మరి కొండల్ రావుకు తెలియకుండా ఎలా అన్నారెవరో. యోగిత మొహంలో అప్పుడు నవ్వు కనబడింది, చల్లటి నవ్వు. "తెల్వకుండ ఎందుకు? ఆయన్నే పిలుద్దాం. ముహూర్తం పెట్టి క్లాప్ కొట్టమందాం."

కొండల్ రావు తెల్ల పట్టుచొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ముందుగదిలో దేవుడి పటం, హారతి, కొబ్బరికాయ. కథేంటని అడిగాడు. "ఇంటి కథ అంకుల్," అంది హాసిని. "సెంటిమెంట్ అన్నట్టు. మంచిది," అన్నాడు. క్లాప్ కొట్టి, రెండు మాటలు చెప్పమంటే కెమెరా వైపు తిరిగి ఛాతీ విరిచాడు. "గీ ఇల్లు నాది కాదు, పిల్లలది. ఎవలకు ఏ తిప్పలొచ్చినా నేనున్న."

మెట్లెక్కి పైకి మాత్రం వెళ్లలేదు. ఆయనెప్పుడూ వెళ్లడు.

దీపావళి సంబరాల్లో, భోజనాలవగానే బొమ్మ వేశారు. మొదటి షాట్‌లోనే స్పాన్సరు గారు క్లాప్ కొట్టారు. హాలంతా చప్పట్లు. "ఏ తిప్పలొచ్చినా నేనున్న" అన్న ఆ గొంతు ఆగకముందే తెర మీద నల్లగోడ పడింది. ఆ గోడ పక్కనే మంచం, దిండు. తర్వాత రఘువీర్, పైమంచం మీద కూర్చోవడానికి చోటు చాలక మెడ వంచుకుని అన్నం తింటూ. తర్వాత వానలో కుక్కరు, యోగిత గొంతు. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగాయి.

కొండల్ రావే లేచి వైరు పీకేశాడు. "మంది ముంగట ఇజ్జత్ తీస్తరా? పొద్దుగూకేవరకు అందరు ఇల్లు ఖాళీ జేయాలె."

తెర ఖాళీ అయింది. వెనక వరసలో యోగిత లేచి, సినిమాలో తన మాట ఎక్కడ తెగిందో అక్కణ్ణుంచి అందుకుంది. "ఊపిరాడట్లేదని చెప్పిన. నా సామాను రోడ్డు మీదేసిండు." రఘువీర్ లేచాడు, తన మాట చెప్పాడు. మిగతావాళ్లూ లేచారు. ఆ తర్వాత లేచినవాడు సినిమాలోనే లేడు. "మాది వేరే ఇల్లు. మా ఓనరూ ఇంతే," అన్నాడు. ఇంకో మూల నుంచి ఇంకొకరు.

"ఇల్లు ఖాళీ జెయ్యమన్నాడుగా, ఆ ఇంటికే పదండి," అంది దేవమణి. దారిలో తన ఇంటి దగ్గర ఆగి, ప్రార్థనల్లో పాటలు గోడ మీద చూపించే ప్రొజెక్టరు చంకన పెట్టుకుంది.

నవంబరు పొద్దు, ఐదింటికే చీకటి. పక్కింటి ఐరిష్ ముసలావిడ ఏమీ అడక్కుండానే కిటికీలోంచి కరెంటు తీగ అందించింది. కొండల్ రావు అద్దెకిచ్చిన ఆ ఇంటి ముందుగోడ మీదే బొమ్మ పడింది. వీధి జనం బయటికొచ్చారు. ఆయన కారు దిగి పరుగున వెళ్లి, చేతులు బారచాపి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేశానని అరిచాడు.

బూజు పట్టిన గోడ ఆయన పట్టుచొక్కా మీద పడింది.

"ఆయన కళ్లలో లైటు పడుతోంది. ఆపనా?" అన్నాడు రఘువీర్.

"ఆపకు," అంది హాసిని. కసిగానే అంది, ఎవరు విన్నా ఫరవాలేదనుకుంది. ప్రొజెక్టరు దగ్గరికెళ్లి ఫోకస్ తిప్పి, ఆయన ఛాతీ మీద నల్లమచ్చలు స్పష్టంగా కనబడేదాకా సరిచేసింది.

గార్డుల కారు మలుపు తిరిగింది. యోగిత తన సామాన్లు తడిసిన చోటే ఫుట్‌పాత్ మీద కూర్చుంది. ఆమె పక్కన ఒకరు, వాళ్ల పక్కన మరొకరు కూర్చున్నారు. కారు ఆగింది. ఎవరూ లేవలేదు.

"మళ్ల మొదట్నుంచి ఎయ్యక్కా," అంది యోగిత. "సార్లు గూడ సూడాలె గద."