నాలుగు గళ్ళ పుస్తకం

ఆ పొద్దున ఆకాశం ఉబ్బి ఉంది. మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగింది గాని కురవలేదు. గాలి వచ్చి చెదరగొట్టనూ లేదు. వంటగది కిటికీలోంచి దాన్ని చూసి ఆమె "నీకూ ఇదేనా?" అనుకుంది. ఒక చేత్తో పొత్తికడుపు అదిమి పట్టుకుని రెండో చేత్తో డబ్బాలు సర్దుతోంది. భర్తది, కూతురిది, తనది. నిన్న ఆదివారం. నిన్నటి నొప్పి ఇంకా పూర్తిగా వదల్లేదు. చీర కుచ్చిళ్ళు రెండు వేళ్ళు కిందికి దించి కట్టుకుంది.

"మళ్ళీ పట్టుకుందా?" అన్నాడు భర్త, చెప్పులు వెతుక్కుంటూ. నీళ్ళ పంపుల మోటార్లు బాగుచేస్తాడు. మాట తక్కువ, అన్నది మాత్రం మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది.

"ఊఁ."

"రోజంతా ఆవిరిలో నిలబడితే కడుపునొప్పి రాక ఏమొస్తుంది? నెల చూద్దామన్నావు. ఇవాళ్టితో అయిపోయింది. నాలుగింటికి డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తా. పని మానెయ్యమని ఆవిడ నోటితోనే చెప్పిస్తా."

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని పాలగ్లాసు చేతుల మధ్య తిప్పుకుంటోంది. "పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారుగా. అంతా బాగుంటే నొప్పి ఎక్కడిదిరా?" అంది కొడుకుతో, కోడలు అక్కడ లేనట్టు.

ఆమె డబ్బా మూత నొక్కింది. నాలుగు గళ్ళ పుస్తకం సంచిలో పెట్టుకుంది.

పదకొండేళ్ళ నుంచి ఆమె చేసే పని లాండ్రీలో. ఆస్పత్రి దుప్పట్లు అక్కడే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపిస్తారు. వేడి రోలరు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడతారు. తడి దుప్పటి చెరో అంచు పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ముడత పడకుండా రోలరుకి అందించాలి. ఒకరి చెయ్యి అరక్షణం వెనకబడితే దుప్పటి వంకరపోతుంది. ఆమె కుడివైపు. ఎడమవైపు నిలబడే మనిషిది ఎడమచేతి వాటం. ఆవిణ్ణి అందరూ ఎడంచేతక్క అంటారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, గుడ్డలో బిగువు చూసుకుంటారు. ఆమె వేళ్ళకి దుప్పటిలో తడి ఎంతుందో తెలుసు. కొత్తగా చేరినవాళ్ళు రోలరు వేడి మీటలో చూస్తారు. ఆమె దుప్పటి అంచు ముట్టుకుని "ఇంకాస్త ఆరనివ్వండి" అంటుంది, అది ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో ఎన్నేళ్ళ నుంచి వండుతున్నా ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అంటారు తప్ప, ఇలా ఆమె మాట నమ్మి ఎవరూ ఆగరు. ఈ పని పోతే తన చేతులకి ఇంత తెలుసునన్న సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. ఈ నెలంతా ఆమెను తినేసిన భయం అదే.

ఆ పనిలో చిక్కు ఒకటుంది. ఒకరు పక్కకి వెళ్తే రోలరు ఆగుతుంది. ఆమె బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ సూపర్‌వైజరు గడియారం వంక చూసేవాడు. "మళ్ళీనా? రోలరు అక్కడే బిగించమంటావా అమ్మా, ఇద్దరికీ సుఖం" అన్నాడు ఒకరోజు, పదిమందిలో. కొందరు నవ్వారు. ఎడంచేతక్క మాత్రం "బిగించండి సార్. ప్రారంభోత్సవానికి రిబ్బను మీరే కత్తిరించాలి" అంది. అప్పుడు అందరూ నవ్వారు. ఆ నవ్వు వేరు.

అయినా ఆ రోజు నుంచి ఆమె పొద్దున తినడం మానేసింది. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టేది కాదు. లోపల ఏమీ లేకపోతే బయటికి పరుగెత్తే పని ఉండదని లెక్క. ఆ లెక్క తప్పని కడుపే చెప్పింది. మెలితిప్పే నొప్పి, బాత్రూముకి వెళ్ళొస్తే కాస్త నెమ్మది, మళ్ళీ ఉబ్బరం. నాలుగు రోజులు విరేచనాలు, తర్వాత మూడు రోజులు ఏమీ లేదు. బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చి "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. ఆమెకి నలభై మూడేళ్ళు. "అయిదు" అని చెప్పి కూర్చుంది. నిజం చెబితే నిలబడాల్సి వచ్చేది.

పుట్టింట్లో ఆవుకి కడుపుబ్బరం వస్తే నాన్న పొలం పని ఆపేసేవాడు. ఎడమ డొక్క మీద వేళ్ళతో తట్టి చెవి పెట్టి వినేవాడు. ఏం మేసింది, ఎప్పుడు మేసింది, నీళ్ళు ఎప్పుడు తాగింది, పేడ ఎలా వేసింది, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి అడిగేవాడు. పక్కింటివాళ్ళు వచ్చి చుట్టూ నిలబడేవారు. అమ్మ పొయ్యి ఆర్పి వచ్చేది. ఆవు మూలిగితే అందరి మొహాలూ వాడేవి. దానికి నొప్పి లేదేమో, నాటకమాడుతోందేమో అని ఒక్కరూ అనలేదు. ఆమెకి ఈమధ్య ఆ ఆవు తరచూ గుర్తుకొస్తోంది.

ఆ ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగిన మనిషి డాక్టరమ్మే. నెల కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ కాగితాల కన్నా ముందు మనిషిని చూసింది. జుట్టు నెరిసిన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. "బరువు తగ్గారా? రక్తం పడుతోందా? జ్వరం వస్తోందా? నిద్రలో ఉండగా నొప్పి లేపుతోందా?" అని అడిగింది. అవేవీ లేవు. రక్తపరీక్ష, మలపరీక్ష, స్కానింగ్ అన్నీ చూసింది.

"వీటిలో ఏమీ లేదు" అంది.

ఆమె తలదించుకుంది. ఆ మాట ఇంటికెళ్ళాక ఎలా తిరిగొస్తుందో ఆమెకి తెలుసు.

"వీటిలో ఏమీ లేదంటే మీకేమీ లేదని కాదు. పేగులో పుండు లేదు, గడ్డ లేదు. అది మంచి సంగతి. కానీ పేగుకీ మెదడుకీ మధ్య నరాలు కబుర్లు మోస్తుంటాయి. మీ పేగు ఆ కబుర్లు మరీ గట్టిగా చెబుతోంది. ఇంకొకరికి తెలియని గాలి మీకు నొప్పిగా తెలుస్తుంది. దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. చాలామందికి ఉంటుంది, ఆడవాళ్ళకి ఎక్కువ. నొప్పి నిజం. మీరు ఊహించుకుంటున్నది కాదు."

'నొప్పి నిజం' అన్న మాట దగ్గర ఆమె కళ్ళు నిండాయి. పైటకొంగుతో మొహం తుడుచుకుని, చెమట అన్నట్టు ఫ్యాను వంక చూసింది.

డాక్టరమ్మ ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి ఇచ్చింది. ఏం తిన్నారు, ఎప్పుడు, నొప్పి పదికి ఎంత, అప్పుడేం జరుగుతోంది. నాలుగు వారాలు రోజూ రాయమంది. నాలుగో గడిలో ఆవిడ కోరింది ఒక్క ముక్క. 'పని' అనో, 'విశ్రాంతి' అనో. ఆ సంగతి ఆమెకి తెలియలేదు. అయిదో తరగతి దాకా చదివిన మనిషి. రాయమన్నారు కదాని జరిగిందంతా రాసింది. కూతురి పాత నోటుపుస్తకంలో స్కేలు పెట్టి గీతలు కొట్టి, అక్షరాలు విడివిడిగా, దుప్పటి మడతల్లా సరిగ్గా పేర్చి రాసింది.

ఇవాళ మధ్యాహ్నం లాండ్రీలో, మడిచిన దుప్పట్ల కట్టల మీద కూర్చుని, డబ్బా తినడం అయ్యాక ఆమె ఆ పుస్తకం తీసింది. ఎడంచేతక్క పక్కన గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

"సాయంత్రం పరీక్షేనా? చదువుకో, చదువుకో."

ఆమె నవ్వి, మూడో గడి మీద పైనుంచి కిందికి వేలు జరిపింది. దుప్పటిలో చిరుగు వెతికేటప్పుడు జరిపినట్టే. నాలుగు. మూడు. రెండు. నాలుగు. మూడు. అయిదు. తొమ్మిది. వేలు ఆగింది. మళ్ళీ జరిపింది. మూడు, రెండు, నాలుగు, మూడు, ఎనిమిది. ఆగింది. ఇరవై ఎనిమిది రోజుల్లో ఏడు దాటినవి అయిదే ఉన్నాయి. అయిదింటి పక్కనా ఏ రోజో చూసుకుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఏమైందే?" అంది ఎడంచేతక్క.

"అక్కా, ఆ మూలనున్న దుప్పటి చిరిగిందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాం. చిరుగు ఇంకో దుప్పట్లో ఉంది."

ఎడంచేతక్కకి అర్థం కాలేదు.

నాలుగింటికి డాక్టరమ్మ గదిలో భర్తే ముందు అందుకున్నాడు. "మీరైనా చెప్పండి మేడమ్. ఆ ఆవిరి పని మానేస్తేగానీ ఇది తగ్గదు."

డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. ఒక పేజీ చదివింది. అద్దాలు సర్దుకుని ఇంకొకటి చదివింది. చాలాసేపు పేజీలు తిప్పింది. "ముప్ఫై ఏళ్ళలో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు నాకు తగల్లేదు" అంది చివరికి. "ఇందులో మీకేమైనా కనిపించిందా?"

అడిగింది భర్తని కాదు. ఆమెని.

"కనిపించిందండీ." మూడో గడి మీద వేలు పెట్టింది. "పనికెళ్ళిన రోజున నొప్పి అయిదు దాటలేదు. తొమ్మిదులూ ఎనిమిదులూ వచ్చింది అయిదు రోజులు. నాలుగు ఆదివారాలు. ఇంకోటి శుక్రవారం, వదినగారింటికి చుట్టాలొస్తే వండిపెట్టడానికి సెలవు పెట్టిన రోజు."

డాక్టరమ్మ పుస్తకం భర్త వైపు తిప్పింది. అతను వంగి చదివాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో భార్య రాసింది ఒక పేజీ చదవడం అదే మొదలు.

బుధవారం. ఒంటిగంటకి డబ్బా. కూర్చుని తిన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. అక్కా నేనూ నవ్వుకున్నాం. నొప్పి రెండు.

ఆదివారం. పొద్దున ఏమీ తినలేదు, తీరలేదు. అందరితో పాటు టీ నాలుగుసార్లు. వదినగారి వాళ్ళతో కలిపి ఎనిమిది మందికి వంట. మూడున్నరకి గిన్నెలో మిగిలింది, నిలబడి. ఉల్లిపాయల కూర. నొప్పి తొమ్మిది. పడుకుంటే వదినగారు 'దీనికి ప్రతి ఆదివారం ఇదే నాటకం' అన్నారు. ఆయన టీవీ చప్పుడు పెంచారు.

అతను ఆ వాక్యం దగ్గర ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మా అక్క వల్ల జబ్బొచ్చిందంటారా?" అన్నాడు.

"ఎవరి వల్లా రాలేదు. జబ్బు ఎలాగూ ఉంది. రోజంతా ఖాళీ కడుపు, పైన టీలు, తర్వాత ఒక్కసారిగా తిండి, అందులో ఉల్లి, పైన అలసట. సున్నితమైన పేగు మీద అన్నీ ఒకే రోజు పడుతున్నాయి."

అతను కాసేపు తన నల్లబడ్డ గోళ్ళు చూసుకున్నాడు. "మోటారు కాలలేదు. వైండింగ్ బాగానే ఉంది. స్టార్టర్‌లో రిలే మరీ తక్కువ మీద పెట్టుంది. కాస్త లోడు పడితే ట్రిప్పయి ఆగిపోతోంది" అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

డాక్టరమ్మ ముచ్చటపడింది. "నా విద్యార్థులకి ఇలాగే చెబుతాను ఇకనుంచి."

మెలితిప్పే నొప్పికి మాత్ర రాసింది. వేళకి తినమంది, పొద్దున మానొద్దంది, నీళ్ళు తాగమంది. ఉల్లి, వెల్లుల్లి కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా కలిపి చూసుకోమంది. మొత్తంగా పోతుందని మాటివ్వనంది. తగ్గించుకుని బతకొచ్చంది.

దారిలో భర్త పని సంగతి ఎత్తలేదు.

ఆ సాయంత్రం అత్తగారు మనవరాల్ని పిలిచి "మీ అమ్మ ఏదో రాసిందటగా, చదువు" అంది. పిల్ల చదివింది. వంటగదిలో ఆమెకి అంతా వినిపిస్తూనే ఉంది. తను నోరెత్తి ఎప్పుడూ అనని మాటలు కూతురి గొంతులో ఇల్లంతా తిరుగుతున్నాయి. వెళ్ళి లాక్కుందామనుకుంది. గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. చదవడం అయ్యాక అత్తగారు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాకూ ఇలాగే ఉండేదమ్మా. గ్యాసనుకుని నలభై ఏళ్ళు సోడా తాగాను" అని వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. వదినగారు భర్తతో, ఇద్దరు కూతుళ్ళతో వచ్చింది. ఆమె పొద్దున్నే తిని, వేళకి వంట ముగించి, పన్నెండున్నరకల్లా గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టింది. కూరల్లో ఉల్లిపాయ లేదు.

"ఇదేంటి, పథ్యం కూరలా? పని మానేస్తున్నావని పోయినవారం తమ్ముడు అన్నాడు, ఇంకనైనా నిదానంగా వండుతావనుకున్నా" అంది వదినగారు కుర్చీ లాక్కుంటూ.

భర్త తలెత్తలేదు. ఆమె ఒక కంచం, ఒక కుర్చీ తెచ్చుకుని అత్తగారి పక్కన వేసుకుంది.

"రేపు పనికి వెళ్తున్నాను వదినగారూ. నేను మానేసింది వడ్డించడం."

కూర్చుని, తన కంచంలో అన్నం పెట్టుకుంది.

వదినగారు తమ్ముడి వంక చూసింది. అతను గరిటె అందుకుని తన కంచంలో కూర తనే వేసుకున్నాడు, కొంచెం బల్ల మీద ఒలికింది. తల్లి వంక చూసింది. ముసలావిడ కుర్చీని ఇటు జరిపి కోడలి మోచేతికి చోటిచ్చింది. గిన్నెలు చేతులు మారాయి. కాసేపటికి బల్ల మీద నీళ్ళు అయిపోయాయి. అందరి చూపులూ ఒక్కసారి ఆమె మీద వాలాయి. ఆమె ముద్ద నములుతోంది. వదినగారు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. వంటగదిలోకి వెళ్ళి, నీళ్ళ జగ్గు నింపుకొచ్చి, ఒక్కొక్క గ్లాసులో పోసుకుంటూ వచ్చింది. చివరి గ్లాసు ఆమెది. అదీ నింపి, వెళ్ళి కూర్చుని, తినడం మొదలుపెట్టింది.