ఇత్తడి పారని అతుకు

షెడ్డు యజమాని ఉమాపతి కాగితం పట్టుకుని వచ్చేసరికి రాజరత్నం చేతిలో గ్యాస్ మంట వెలుగుతోంది. గొట్టం ఎర్రబడింది, అతుకు పట్టడానికి చల్లిన వెలిగారం కరిగి నీళ్లలా పాకుతోంది. ఇప్పుడు చెయ్యి తీస్తే అతుకు చెడిపోతుంది. ఉమాపతికి ఆ సంగతి తెలియదు. తెలిసినా ఆగే మనిషి కాడు.

“ఒక సంతకం పెట్టప్పా. మూడు గంటలకు లేబర్ ఆఫీసరమ్మ వస్తాండాది.”

రాజరత్నం మంట ఆర్పి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు. మంగళవారం పొద్దున దొరస్వామి తాగిన మత్తులో సైకిలు తొక్కి పడిపోయాడనీ, తాను కళ్లారా చూశాననీ అందులో రాసి ఉంది. కింద తన పేరు కూడా టైపు చేయించి పెట్టారు. సంతకం ఒక్కటే మిగిలింది.

పుంగనూరు ఊరవతల రేకుల షెడ్డు అది. నగరంలో ఆఫీసుకు వెళ్లేవాళ్లు, సంతకు వెళ్లేవాళ్లు తొక్కే స్టీలు సైకిళ్లు అక్కడ తయారవుతాయి. ముందు బుట్ట, వెనక క్యారియరు, నడుము వంచకుండా కూర్చునే హ్యాండిలు. బెంగుళూరులో ఒక్కోటి ముప్పై నాలుగు వేలు. ‘చేత్తో కట్టిన స్టీలు, నలభై ఏళ్ల తోడు’ అని అట్టపెట్టె మీద అచ్చు వేస్తారు. కట్టే చెయ్యి రాజరత్నానిది. దాని రోజుకూలి ఆరువందల యాభై. ఆ నలభై ఏళ్ల తోడు దొరస్వామి కింద నలభై నిమిషాలు కూడా నిలవలేదు.

ఉమాపతి తండ్రి గోపాలస్వామి బతికున్నన్నాళ్లూ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఫ్రేము అతికినవాడే ఆ సైకిలు మీద మొదట ఎక్కాలి. గుట్ట మీది నుంచి వాలురోడ్డంతా దిగి రావాలి. ప్రాణం ఎవరికైనా తీపే కదా, అతుకులు గట్టిగా పడేవి. పెద్దాయన పోయాక కొడుకు వచ్చాడు. ఆరువందల యాభై రూపాయల మనిషిని సైకిలెక్కించి ఊరేగించడం దండగన్నాడు. తొక్కడానికి మూడువందల యాభైకి దొరస్వామిని పెట్టుకున్నాడు. ఆ మరుసటి నెల నుంచి ఫ్రేముకు రెండు ఇత్తడి కడ్డీలు ఇచ్చేచోట ఒకటే ఇచ్చాడు.

గొట్టాలు వచ్చి దూరే ఇనుప తొడుగులోకి ఇత్తడి కరిగి లోపలంతా పారాలి. అదే సైకిలుకు బలం. ఒక్క కడ్డీతో అంచు చుట్టూ బంగారు గీత మాత్రం అందంగా పడుతుంది, లోపలికి పోదు. ఆకురాయితో రుద్ది, రంగులు వేసే అంబిక పచ్చరంగు కొట్టేస్తే దేవుడికి కూడా తెలియదు. రాజరత్నానికి తెలుసు. మొదటి వారం గొడవపడ్డాడు, రెండో వారం గొణిగాడు, మూడో వారం అలవాటుపడ్డాడు. తానే తొక్కాల్సి ఉంటే అలవాటుపడేవాడా? మంగళవారం నుంచి ఈ ప్రశ్న అతణ్ణి తినేస్తోంది.

ఆ రోజు రాజరత్నం షెడ్డు ముందు నిలబడి చూస్తుండగానే, వాలు సగం దిగేసరికి హ్యాండిలు కిందే ఫ్రేము విరిగింది. దొరస్వామి మొహం తారురోడ్డుకు కొట్టుకుంది. దవడ రెండు చోట్ల పగిలింది, ముందుపళ్లు పోయాయి.

ఈ పొద్దున పనిలోకి వచ్చే ముందు రాజరత్నం మదనపల్లె ఆసుపత్రికి వెళ్లి అతణ్ణి చూశాడు. దొరస్వామి భార్య గంగులమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది.

“అన్నా, మీ సారు మనుషులొచ్చి ఆయప్ప తాగతాడా అని అడిగిపోయినారు. ఆదివారం తాగతాడు, నేను యాల అబద్ధం సెప్పేది? మంగళారం పొద్దున నా చేత్తోనే సంగటి పెట్టి పంపించినా. తాగినాడని తేలితే పరిహారం ఒక్క రూపాయి రాదంట. దవడ ఆపరేషను యాడ చేయించేది? నువ్వు ఆడే ఉండావు గదా, నువ్వు సెప్పన్నా.”

దొరస్వామి నోరు తీగలతో కట్టేసి ఉంది. రాజరత్నాన్ని చూడగానే లేవబోయి, దిండు కింద నుంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. వంకర అక్షరాలు: ‘రత్నన్నా, నువ్వు కట్టిన ఫ్రేము ఇరగ్గొట్టేసినా. ఏమనుకోవద్దు.’

రాజరత్నం తలెత్తలేకపోయాడు. నలభై ఎనిమిదేళ్ల బతుకులో అంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

“ఏమప్పా, అంతగా సదువుతాండావు?” ఉమాపతి పెన్ను ముందుకు చాచాడు.

“ఆయప్ప ఆ దినం తాగలేదు సార్.”

“ఆదివారం తాగేది నిజమే గదా? రెండు దినాలు ఇటు జరిపితే ఏం పోతాది?” గొంతు తగ్గించాడు. “సూడు, కుప్పంలో కొత్త షెడ్డు కడతాండాను. నువ్వే మేస్త్రీ. తొమ్మిదివందలు. నీ బిడ్డ శైలజ నర్సింగు ఇంకా రెండేండ్లు ఉండాది గదా?”

ఉంది. ఫీజు కట్టే నెల కూడా ఇదే. రాజరత్నం పెన్ను అందుకోకుండా కాగితం తిరిగిచ్చాడు.

“ఆ ఇరిగిన ఫ్రేము యాడుండాది సార్?”

“పాత ఇనుముకు ఏసేసినా.”

మూడు గంటలకు ఆఫీసరమ్మ వచ్చింది. ఫైలు తెరిచి, సంతకం లేని కాగితం చూసి, “మీరేనా రాజరత్నం? మీరు చూశారా?” అని అడిగింది.

“పడింది సూసినా మేడం. తాగింది సూడలేదు. ఆయప్ప తాగలేదు.”

“అట్లయితే బ్రేకు తప్పుగా పట్టింటాడు,” అన్నాడు ఉమాపతి వెంటనే. “మా ఫ్రేము ఇరిగేది కాదు మేడం. అంతా స్టీలు.”

గోడవారన నలభై ఆరు ఫ్రేములు రేపటి లారీకి సిద్ధంగా ఉన్నాయి. రాజరత్నం ఒకటి దించి, బల్లకు అమర్చిన పెద్ద పట్టకారులో బిగించాడు. రంపం తీసుకుని హ్యాండిలు కింది అతుకు మీద పెట్టాడు.

“ఏయ్, బెంగుళూరు సరుకప్పా అది!”

రంపం ఆగలేదు. పచ్చరంగు పొడి రాలింది, తర్వాత ఉక్కుపొడి రాలింది. షెడ్డులో మిగతా పనులన్నీ ఆగిపోయాయి. పావుగంట పట్టింది. తొడుగు నిలువునా చీలి రెండు చెక్కలైంది. అంచున దారమంత ఇత్తడి, లోపలంతా మసిపట్టిన ఉత్త ఇనుము.

ఆఫీసరమ్మ వేలితో తడిమి చూసింది. “ఇది ఎవరు అతికారు?”

“నేనే మేడం. లోపలికి పారలేదని తెలిసే అతికినా. పది నెల్లుగా ఇంతే. అట్లే రాసుకోండి.”

“రేపట్నించి ఈ గడప తొక్కితే సూడు,” అని ఉమాపతి అరిచాడు.

“ఇదొక్కటేనా, అన్నీ ఇలాగేనా?” అని ఆఫీసరమ్మ అడిగింది. “ఇప్పటికి బెంగుళూరుకు ఎన్ని పంపారు?”

ఉమాపతి ఫోను తీసి చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. రాజరత్నం చీలిన ఫ్రేమును కింద పెట్టి, ఖాళీ పట్టకారు ముందు నిలబడ్డాడు.

మూల నుంచి అంబిక లేచింది. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో ఒక్కమాట ఎదురు చెప్పని మనిషి. కుంచె డబ్బాలో పడేసి, తాను అప్పుడే పూర్తిచేసిన ఫ్రేమును రెండు చేతులతో ఎత్తి తెచ్చి పట్టకారులో పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు. ఆమె అరచేతులు రెండూ పచ్చగా అయిపోయాయి.

“ఇది గూడా కొయ్యన్నా,” అంది.