అయిదో లైను

యాప్ అంటే ఏమిటో చెప్పడంలో ఆ ఆసుపత్రి కౌంటర్‌లో కూర్చునే ఆవిడని మించినవాళ్లు లేరు. చక్కెర జబ్బువాళ్ల చేతికి బిళ్ల ఒకటి అంటిస్తారు కదా, చక్కెర పడిపోతే ఫోన్లో గంట కొట్టిస్తుంది. ఆ యాప్ సంగతి రోజుకి ఇరవైమందికి అరటిపండు వలిచినట్టు చెప్పేది. అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టి, అయిదు లైన్లూ వేలుపెట్టి చదివించి, వాళ్లచేతే మళ్లీ అప్పజెప్పించుకునేది. ఎంత విసిగించినా నొసలు చిట్లించేది కాదు.

సొంత మేనమామ దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఇంట్లో మనిషికి కాగితమేమిటిలే అనుకుంది.

మావయ్య వడ్రంగి. ఇంటి ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. అత్తయ్యకి బిళ్ల అంటించిన రోజు కొత్త ఫోను అరచేతిలో పెట్టుకుని బిక్కమొహం వేశాడు.

"ఈ బొమ్మలన్నీ ఏంటి తల్లీ?"

"యాప్‌లు మావయ్యా. నీ పనిముట్లు లేవూ, అలాంటివే. ఉలి ఒక పనికి, రంపం ఒక పనికి. కావాలంటే తీస్తావు, పనయ్యాక లోపల పెట్టేస్తావు. అంతే!"

"ఓస్, ఇంతేనా!" అన్నాడాయన. ఆవిడ తన తెలివికి తనే మురిసిపోయి, బస్సుకి టైమైపోతోందని లేచి వచ్చేసింది. మర్నాడు కౌంటర్‌లో అందరికీ చెప్పుకుని మరీ నవ్వించింది.

మావయ్య జన్మలో పనిముట్టు బల్ల మీద వదిలి లేచినవాడు కాదు. మంచినీళ్లకి లేచినా ఉలి తుడిచి అరలో పెట్టాల్సిందే. "కాసేపు కదలకుండా కూర్చుంటే నన్నూ తుడిచి అరలో పెట్టేస్తాడమ్మా" అని అత్తయ్య వేళాకోళం చేసేది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అత్తయ్య ఇన్సులిన్ చేసుకుంది గానీ, భోజనం సయించక రెండు ముద్దలు తిని పడుకుంది. మావయ్య ముందు గదిలో చిత్రిక మిషను వేసుకుని తలుపు చెక్కలు నునుపు చేశాడు. నాలుగింటికి టీ పెట్టి లేపితే ఆవిడ లేవలేదు. ఆసుపత్రిలో మూడో రోజు పోయింది.

నెల తిరక్కుండానే మావయ్య మిషను బేరం పెట్టాడని తెలిసి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది.

"దీని రొదలోనే గంట వినపళ్లేదమ్మా. ఆ ఫోను ఎంత మొత్తుకుందో! చేతులారా చంపుకున్నాను దాన్ని" అని వలవలా ఏడ్చాడు.

ఎన్నిసార్లు మోగిందో చూద్దామని ఆవిడ ఫోను తీసింది. ఆ మధ్యాహ్నం మోగినట్టు ఒక్క గుర్తూ లేదు.

"తిన్నాక దీన్నేం చేశావు మావయ్యా?"

"ఏం చేస్తాను? చూశాను, చక్కెర బాగానే ఉంది. పనయిపోయింది కదా, మూసేసి లోపల పెట్టేశాను. రోజూ అంతేగా."

కాగితంలో అయిదో లైను: ఈ యాప్‌ని ఎప్పుడూ మూసేయకండి, మూస్తే గంట మోగదు. ముక్కూమొహం తెలియనివాళ్లచేత రోజుకి ఇరవైసార్లు చదివించిన లైను!

నోరు మూసుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఆయన బతికినన్నాళ్లూ ఆ మిషను రొదనే తిట్టుకుంటాడు.

"గంట మోగనే లేదు మావయ్యా. మూసేస్తే మోగదు. నీకు నేనే చెప్పలేదు. తప్పు నాది" అంటూ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పింది ఇద్దరం బాగానే నేర్చుకున్నాం తల్లీ. ఆరోజు మూయడం మర్చిపోయి నేను పనిలోకి వెళ్లిపోతుంటే, మీ అత్తే వెనక్కి పిలిచి గుర్తుచేసింది."