రాళ్ల మీద పడుకున్న లైఫ్ జాకెట్

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. సముద్రం అడుగున, రాళ్ల మీద పడి ఉండి మాట్లాడుతున్నాను. మీ తప్పు రుజువు కావడానికి ఈ ఒక్క ముక్క చాలు. నన్ను కుట్టించినవాడా, కొన్నవాడా, చూడకుండా సంతకం పెట్టినవాడా, ముగ్గురూ వినండి. నన్ను ముంచింది సముద్రం కాదు. మీరు. నాతోపాటు ఒక మనిషిని కూడా ముంచబోయారు.

ఇక్కడ బాగానే ఉంది, ఆ మాటా దాచను. వెలుగు పైనుంచి ఆకుపచ్చగా, తొందర లేకుండా దిగుతుంది. నాచు ఊగుతుంటే నేనూ ఊగుతాను. రాళ్లలో బతికే బొంత చేప ఒకటి, ఎప్పుడూ అలిగినట్టు మూతి పెట్టుకుని ఉంటుంది, నా మెడ కంతలో కాపురం పెట్టింది. నన్ను నమ్మి చెడిపోని మొదటి ప్రాణి అది. దానికి తేలాల్సిన అవసరం లేదు మరి.

ఒక ఊరి శివార్లలో రేకుల షెడ్డులో పుట్టాను. ఊరి పేరు అనవసరం, అలాంటి షెడ్లు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. నా కడుపులో నీళ్లు తాగని గట్టి నురుగు బిళ్లలు ఉండాలి. పాత పరుపుల స్పాంజి, దర్జీ కొట్లలో ఊడ్చిన గుడ్డ పీలికలు కుక్కారు. జాకెట్టు ముక్కలు, కర్టెన్ ముక్కలు, ఏ బడిదో నీలం యూనిఫాం అంచు. కుట్టే మనిషి నూకరత్నం ఒకసారి అడిగింది.

"ఇవి నీళ్లు తాగేత్తాయి కదయ్యా?"

"తాగడానికి నీళ్లల్లో ఎవడు పడతాడమ్మా? ఇవన్నీ ఫొటోలకి. నువ్వు కుట్టు," అన్నాడు యజమాని.

ఆవిడ మళ్లీ అడగలేదు. కాని నా మూడు పట్టీలనూ ఒకటికి రెండుసార్లు గట్టిగా కుట్టింది. లోపల చెయ్యలేని న్యాయం బయట చేద్దామనుకుంది కాబోలు. ఆ మంచితనం తర్వాత ఏం చేసిందో చెబుతాను.

నా రొమ్ము మీద పెద్ద ముద్ర కొట్టారు. ఎంత బరువు మనిషినైనా మోస్తానట. విశాఖ వైపు ఒక అద్దె బోటు యజమాని మమ్మల్ని పన్నెండు కొన్నాడు. టూరిస్టులను సముద్రంలోకి తీసుకెళ్లి, నీటి కింద రాళ్ల గుట్టల దగ్గర గాలం వేయించి తెచ్చే బోటు అది. తనిఖీకి వచ్చినాయన మమ్మల్ని లెక్కపెట్టాడు. "పన్నెండు. సరే," అన్నాడు, సంతకం చేశాడు, కొబ్బరి బోండాం తాగాడు. ఆ నీళ్లు కాసిన్ని నా మీద ఒంపి ఉంటే తెలిసిపోయేది. ఒంపలేదు.

తర్వాత నా బతుకంతా ఫొటోలే. ఒడ్డున అందరూ మమ్మల్ని వేసుకుని వరసగా నిలబడాలి, గుమాస్తా ఫోనులో ఫొటో తీసి ఆఫీసుకి పంపాలి, అప్పుడే బోటు కదలాలి. కదిలిన మరుక్షణం అందరూ విప్పేస్తారు. కొందరు మా మీద కూర్చుంటారు, కొందరు తల పెట్టుకు పడుకుంటారు. ఒకాయన ఉప్మా తిన్న చెయ్యి నాకు తుడిచాడు. అయినా ఎండలో వెచ్చగా పడి ఉన్నప్పుడు ఒకటే కల వచ్చేది నాకు. ఎవరో నీళ్లలో ఉంటారు, నేను వాళ్ల గడ్డం కింద తేలుతూ ఉంటాను. అబద్ధపు పుట్టుక పుట్టినా కల మాత్రం నిజమైనదే కన్నాను.

బోటు నడిపేది గనగళ్ల పోలారావు. సముద్రం మీదే పెరిగిన మనిషి. మమ్మల్ని ఎప్పుడూ ఒంటికి తగిలించుకోలేదు. ఆయన నమ్మకమంతా బోటు అంచుకి వేలాడదీసిన ఒక పసుపురంగు ఖాళీ నూనె డబ్బా మీద. రాళ్ల దగ్గర లంగరు ఇరుక్కుపోతే తాడు కోసి, కొసకి డబ్బా కట్టి వదిలేస్తాడు. డబ్బా తేలుతూ ఉంటుంది, మర్నాడు వచ్చి లంగరు విడిపించుకుంటాడు. ఫొటోల్లో అసహ్యంగా ఉంది, తీసెయ్యమన్నాడు బోటు యజమాని.

"అది లేపోతే నాను ఎల్లనండి," అన్నాడు పోలారావు. డబ్బా ఉండిపోయింది.

ఆ రోజు ఒక బట్టల షాపుకి సెలవు. షాపులో పనిచేసే ఆరుగురు వచ్చారు. నన్ను చీరల సెక్షన్‌లో ఉండే సత్యవాణి వేసుకుంది. మూడు పట్టీలూ బిగించింది, ఊడి రాకుండా లాగి చూసింది. నా మూడు పట్టీలూ పెట్టుకున్న మొదటి మనిషి ఆమే. నాకు సిగ్గేసింది.

ఫొటో అయింది, బోటు కదిలింది, అందరూ విప్పేశారు. ఆమె విప్పలేదు.

"తీసెయ్యండి సత్యవాణిగారూ," అన్నాడు క్యాషియర్ ఉమాపతి. "రెండో క్లాసు పిల్ల స్కూలు బ్యాగు వేసుకున్నట్టుంది."

"నాకు ఈత రాదండీ. ఇది ఉంటే కాస్త ధైర్యం."

"ఉండనీండి బాబూ, ఏసుకుంటే తప్పేటుంది," అన్నాడు పోలారావు. ఆయనకీ తెలియదు. ఆయనా ఎప్పుడూ తడిపి చూడలేదు. ఈ మాట ఆయన మీద ప్రేమ ఉండి కూడా చెబుతున్నాను.

సముద్రం ఆ పొద్దున నూనె పోసినట్టుంది. కొండలు పలచబడి పొగలా అయిపోయాయి. మొదట సత్యవాణి నడిమి బల్లని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అల బోటుని ఎత్తినప్పుడల్లా నా పట్టీ తడుముకునేది. తడుముకున్న ప్రతిసారీ కాస్త అంచు వైపు జరిగేది. నేను లేకపోతే ఆ బల్ల వదిలేది కాదు. దొంగ ధైర్యం అలాగే పనిచేస్తుంది.

రాళ్ల గుట్ట మీదికి రాగానే పోలారావు ఇంజను ఆపి లంగరు దించాడు. నిద్రపోయే పిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు దించుతాడాయన. చప్పుడంతా ఆగిపోయింది. గాలాలు దిగాయి. దారం కొసనున్న సీసం గుండ్లు అంత లోతున రాళ్లని తట్టడం వేళ్లకి తెలుస్తూ ఉంటుంది, ఎవరో అడుగునుంచి తలుపు కొడుతున్నట్టు.

"గుండు రాయికి తగలగానే మూరెడు పైకి లాగండమ్మా. లేపోతే రాయి మింగేత్తది," అన్నాడు పోలారావు. "ఇంకో రెండు గుండ్లు జేబులో ఏసుకోండి. ఎలాగా పోతాయి."

అందరూ అలాగే వేసుకుంటారు. ఆమె రెండు గుండ్లు నా జేబులో వేసుకుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడం ఎంత బాగుందో. తర్వాత ఆమె దారం బిగిసింది. పట్టింది పెద్ద చేపే, అడుగుకి లాక్కుపోతోంది. ఆమె నవ్వుతోంది, అంచు మీదికి మోకాలు పెట్టింది.

"పడతారండీ," అన్నాడు ఉమాపతి.

"పడితే పడతాను, జాకెట్ ఉందిగా."

ఆ మాట అయ్యిందో లేదో పక్కనుంచి అల తోసింది. ఇద్దరం నీళ్లలో ఉన్నాం.

మొదట నేను తేలాను. నిజం. పీలికల మధ్య ఉన్న గాలి ఆమె గడ్డాన్ని నీటి పైన నిలిపింది. ఇన్నాళ్లూ కన్న కల ఇదే కదా, బహుశా నేను అబద్ధం కాదేమో అనిపించింది. అంతలో కుట్లలోంచి నీళ్లు మెల్లగా లోపలికొచ్చాయి. జాకెట్టు ముక్క తాగింది, కర్టెన్ ముక్క తాగింది, నీలం అంచు తాగింది. అన్నీ ఎన్నాళ్ల దాహమో తీర్చుకున్నాయి. నేను రాయినయ్యాను. ఆమె గడ్డం మునిగింది, నోరు మునిగింది.

పసుపు డబ్బా ఎగిరొచ్చి పక్కన పడింది. ఆమె ఒక చెయ్యి దాని మీద వేసింది.

"జాకెట్ ఇప్పేయమ్మా, జాకెట్ ఇప్పేయ్," అని అరుస్తున్నాడు పోలారావు.

"విప్పేయమంటావేంటయ్యా, మునిగిపోతుంది," అన్నాడు ఉమాపతి.

"అదే ముంచేత్తంది బాబూ, సూడు."

ఎర కోసే చాకు పళ్ల మధ్య పెట్టుకుని దూకాడు. మొదటి పట్టీ కోశాడు. రెండోది కోశాడు. మూడోదానికి చాకు కుట్టు మీద పడింది, తెగలేదు. నూకరత్నం రెండుసార్లు కుట్టిన కుట్టు, ఆవిడ మంచితనం, తెగనంది. సత్యవాణి చెయ్యి డబ్బా మీంచి జారింది. నా బరువుకి ముగ్గురం కిందికి పోతున్నాం. తెగిపో, తెగిపో అని నన్ను నేను తిట్టుకున్నాను. ఏ లైఫ్ జాకెట్టూ కోరకూడని కోరిక అది. పోలారావు చాకుని రంపంలా ఆడించాడు. తెగింది.

ఆమె పైకి పోయింది, నేను కిందికి. ఆమె అరికాళ్లు చాలాసేపు కనిపించాయి, ఒక కాలికే చెప్పుంది. అవి చిన్నవై, వెలుగులో కలిసి, బోటు నీడలోకి ఎవరో లాగేసుకున్నట్టు మాయమయ్యాయి. తర్వాత నీళ్లలోంచి ఆమె దగ్గు వినబడింది. ఇన్నేళ్లలో నేను విన్న మంచి చప్పుడు అదొక్కటే. ఆమె బతికింది. నేను వదిలిపోవడం వల్ల బతికింది.

కొన్నాళ్లకి అదే ఇంజను చప్పుడు మళ్లీ నా తల మీదికి వచ్చింది. లంగరు ధడాలున నా పక్కన రాయి మీద పడింది, బొంత చేప బెదిరి పారిపోయింది. అది పోలారావు చెయ్యి కాదు. బోటు అంచున పసుపు డబ్బా లేదు. ఆయన్ని పనిలోంచి తీసేశారన్నమాట. మా గురించి నోరు విప్పి ఉంటాడు. పైన బోటు అంచు మీద నారింజ రంగు నీడలు ఊగుతున్నాయి. నా తోబుట్టువులు. పదకొండు.

కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లందరికీ ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతున్నాను. కమిటీలు వద్దు, ఫొటోలు వద్దు. రేపు పొద్దున బోటు కదిలే ముందు ఆ పదకొండింటినీ ఇసక మీదికి దించండి. ఒక్కోదానికీ నీళ్లలో మనిషి కిందికి లాగేంత ఇసక సంచి కట్టి, ఊరంతా చూస్తుండగా సముద్రంలో వదలండి. సాయంత్రం దాకా ఉంచండి. పోలారావుని పిలిచి ఆయన చేతే తీయించండి. మునిగినవాటిని చింపి, లోపలి పీలికలు ఒడ్డున ఆరేసి, కుట్టించినవాడిని, కొన్నవాడిని, సంతకం పెట్టినవాడిని వాటి ముందు నిలబెట్టండి. కొత్తవి తెచ్చాక సంతకం పెట్టేవాడు ముందు ఒకటి తొడుక్కుని, మూడు పట్టీలూ బిగించి, ఇక్కడికి, నా మీదికి వచ్చి దూకాలి. తేలితే అప్పుడు పెట్టమనండి సంతకం, తడి చేత్తో.