వారానికో దేశం

"ఇదిగో, స్పెయిన్‌లో ఇంత తొందరగా భోంచెయ్యరు."

పళ్లేలు సర్దుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పుడే దించిన కూర ఆవిర్లు కక్కుతోంది. భర్తగారు సోఫాలోంచి లేవకుండానే రెండో మాట కూడా విసిరారు. "పదింటిదాకా వాళ్లు కంచం ముట్టరుట. ట్రయలంటే ట్రయలే. అప్పుడు మళ్లీ వేడి చేసి పెట్టు."

ఆమె కూర మీద మూత పెట్టింది. నోటి మీద మూత ఎలాగూ ఎప్పుడూ ఉండేదే. పొద్దున్నే డ్యూటీ ఉన్న మనిషి పదింటికి వడ్డించి, పదకొండింటికి గిన్నెలు తోమి, ఎప్పుడు పడుకోవాలో స్పెయిన్ వాళ్లెవరూ చెప్పలేదు. స్పెయిన్‌లో ఉన్న 'స్' అనే చల్లటి చప్పుడు ఇంటిల్లిపాదీ పంచుకున్నారు. మిగిలిన 'పెయిన్' ఆమె వాటాకొచ్చింది.

ఆస్పత్రిలో అందరూ ఆమెని ఎక్స్‌రే అక్క అంటారు. ఇంట్లో ఇదిగో అంటారు. పెళ్లయిన కొత్తలో భర్త "ఇదిగో" అన్నప్పుడల్లా ఏదో ఇస్తున్నాడనుకుని పిచ్చిమొహంలా చెయ్యి చాపేది. ఆ ఇంట్లో ఇదిగో అనేది ఇచ్చేటప్పుడు కాదు, అడిగేటప్పుడు అని తెలియడానికి అట్టే కాలం పట్టలేదు. చాపిన చెయ్యి అలవాటైపోయింది గనక దాన్ని గరిటె పట్టుకోవడానికి వాడుకుంది.

యూరప్‌లో ఎక్స్‌రేలు తీసేవాళ్లు చాలడం లేదని, పంపించే ఏజెన్సీ ఒకటుందని కనిపెట్టింది భర్తగారే. ఆమె సర్టిఫికెట్లు పంపించింది కూడా ఆయనే. తిరుగు జవాబులో మాత్రం ఆమె ప్రధాన దరఖాస్తుదారు అనీ, భర్త, కూతురు ఆమె మీద ఆధారపడినవారు అనీ ఉంది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివారు. జోడు మారలేదు, రాతా మారలేదు. "ఇది ఊరికే ఫార్మాలిటీ" అన్నారు. ఆ సాయంత్రమే ట్రయల్ పద్ధతి ప్రకటించారు.

ఆయన ఓ కంపెనీలో సరుకు కొనే మేనేజరు. శాంపిల్ చూడందే గుండుసూది కూడా కొనని మనిషి, దేశాన్ని ఊరికే కొంటారా? అందుకని వారానికో దేశం. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో దేశం ఎంచుకోవాలి. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ ఆ దేశస్థుల్లాగే బతకాలి. ఎవరూ గొణగకూడదు. వారం నిండేదాకా దేశం మార్చడానికి వీల్లేదు. "అక్కడ పనిమనుషులు దొరకరు. మనం ఇప్పట్నుంచే అలవాటు పడాలి" అని పనిమనిషిని కూడా మాన్పించారు. మన భాషలో 'మనం' ఎంత విశాలమైన మాటో! నలుగురూ కలిసి అనొచ్చు, ఒక్కత్తే చెయ్యొచ్చు.

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కూతురు స్పెయిన్ కోరుకుంది. భర్తగారు జర్మనీ అన్నారు. అత్తగారు సినిమా పాటల్లో మంచు కొండలు చూసి చూసి స్విట్జర్లాండ్ అన్నారు. నాలుగో వంతు వచ్చేసరికి ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని నోరు తెరవబోయింది. "నీకేముందిలే, నీకు ఎక్కడైనా ఒకటే" అన్నారు భర్తగారు. "ఎముకలు అన్ని దేశాల్లోనూ తెల్లగానే ఉంటాయి."

అందరూ నవ్వారు. జోకు బాగానే ఉందని ఆమె కూడా నవ్వింది. తర్వాత గిన్నెలు తోముతుంటే అది గుర్తొచ్చి మళ్లీ నవ్వబోయింది గానీ, ఈసారి నవ్వు రాలేదు.

రెండో వారం జర్మనీ వచ్చింది. చెత్త వేరు చేసి వెయ్యాలని భర్తగారు రంగురంగుల బుట్టలు కొనుక్కొచ్చారు. కాగితం ఒకదాంట్లో, సీసాలు ఒకదాంట్లో, తొక్కలు ఒకదాంట్లో. ఎవరు వేరు చెయ్యాలన్నది మాత్రం ఎవరూ విడదీసి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఆదివారం చప్పుడు చెయ్యకూడదట. అందుకని మిక్సీ, వాషింగ్ మిషను, చీపురు కూడా శనివారమే ఒళ్లు హూనం చేసుకున్నాయి. ఆదివారం అందరూ విశ్రాంతిగా కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటూ "టీ" అన్నారు. ఆమె చప్పుడు కాకుండా టీ పెట్టింది. ఆయనకి రెండు చెంచాల చక్కెర, అత్తగారికి చక్కెర లేకుండా, కూతురికి పాలెక్కువ. గిన్నెలో అడుగున మిగిలింది తనకి. అది ఒకరోజు తియ్యగా ఉంటుంది, ఒకరోజు చేదుగా ఉంటుంది. వంటింటి గట్టు మీద పరాయి భాష పుస్తకం తెరిచి పెట్టుకుంది. పేజీ తిప్పితే పిండి అంటుకుంది. పిండి దులిపేలోగా మాట మర్చిపోయింది.

"ఏవండీ, పరీక్షకి చదువుకోవాలి. సాయంత్రాలు కాసేపు వంట మీరెవరైనా..."

"చదువుకోవద్దన్నామా?" అన్నారు ఆయన ఎంతో ఉదారంగా.

"మా రోజుల్లో పొయ్యి ఊదుతూ పద్యాలు వల్లె వేసేవాళ్లం, అమ్మాయ్" అన్నారు అత్తగారు. ఊదింది ఎవరో, వేసింది ఎవరో ఆవిడ చెప్పలేదు. ఆవిడ కళ్లలో ఒక్క క్షణం ఏదో మసక కదిలింది గానీ, అది పొగ జ్ఞాపకం అయ్యుంటుంది.

ఇంట్లో ఇలా ఉంటే, ఆస్పత్రిలో నేలమాళిగకి దిగే మెట్ల పక్కన ఎక్స్‌రే గది ఒక్కటే ఆమెది. మిషను పాడవకూడదని అక్కడ ఎప్పుడూ ఏసీ నడుస్తుంది. మనిషి పాడవుతుందని పెట్టినది కాదు, అయినా ఆమె వాడుకుంటుంది. కిటికీ లేని ఆ చల్లటి గదిలో కిరణాలు తగలకుండా బరువైన సీసపు కోటు వేసుకుని, పగలల్లా అదే మాట చెబుతుంది. "గాలి పీల్చుకోండి. బిగబట్టండి. కదలొద్దు... ఇంక వదిలెయ్యండి." ఆ చివరి మాటకి ఎంత ముసలివాళ్లయినా పిల్లల్లా భుజాలు దింపేస్తారు. అది చూడటం ఆమెకిష్టం. ఆమెకి నలభై దాటినా పెద్ద డాక్టరు "ఆ ఎక్స్‌రే అమ్మాయిని పిలవండి" అంటాడు. ఆ అమ్మాయి రాగానే, ఆమె చూపించిన పగులు గీతనే చూపించి, తను కనిపెట్టినట్టు రోగికి చెబుతాడు. అప్పుడూ ఆమె గాలి బిగబట్టుకునే ఉంటుంది. ఎన్నేళ్ల కిందట పీల్చిన గాలో అది. వదిలెయ్యమని చెప్పాల్సినవాళ్లెవరో భోజనానికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ రానట్టుంది.

ఆ గదిలో ఉండగానే ఏజెన్సీ ఆవిడ ఫోను చేసింది. గొంతులో పని చేసుకునే మనిషి అలసట ఉంది.

"అమ్మా, ఈ సోమవారం కాదు, పై సోమవారం కల్లా ఏ దేశమో చెప్పాలి. భాష క్లాసు మొదలెడుతున్నాం. మీవారు జర్మనీ అని చెప్పారు. కానీ మేం మీ నోటితోనే వినాలి. మీకేం ఇష్టం?"

"మావాళ్లకి..."

"మీవాళ్లకి కాదమ్మా. మీకు. చలి ఇష్టమా, ఎండ ఇష్టమా? పెద్ద ఊరా, చిన్న ఊరా?"

ఆమె సీసపు కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. కూతురికి ఏ రంగు సాక్సులిష్టమో తెలుసు. అత్తగారికి ఏ వైపు తిరిగి పడుకుంటే నొప్పి రాదో తెలుసు. భర్తగారు దగ్గితే అది జలుబో కోపమో తెలుసు. తనకి చలి ఇష్టమా, ఎండ ఇష్టమా? ఎవరో పక్కింటావిడ గురించి అడిగినట్టుంది. పక్కింటావిడైతే పిలిచి కనుక్కోవచ్చు.

"లైన్లో ఉన్నారా?" అంది ఏజెన్సీ ఆవిడ.

"ఉన్నానండీ" అంది గానీ, ఎక్కడుందో ఆమెకే తెలియలేదు.

మూడో వారం స్విట్జర్లాండ్. భర్తగారు ఏసీని పదహారుకి దించి రిమోటు దాచేశారు. అందరూ అలమార అడుగునున్న ఉన్ని బట్టలన్నీ లాగి వేసుకున్నారు. అవి తర్వాత ఎవరు ఉతుకుతారో స్విట్జర్లాండ్‌ని అడగాలి. అత్తగారు రెండు దుప్పట్లలో మూటై "మంచు పాటల్లోనే బావుంటుందిరా నాయనా" అని మొదలెట్టి, గొణగకూడదన్న షరతు గుర్తొచ్చి పళ్లు కటకటలాడించారు. ఆవిడ ఒక గదిలో, భర్త ఒక గదిలో, కూతురు ఒక గదిలో, తలుపులు బిగించుకుని ముసుగులు పెట్టేశారు.

శనివారం మధ్యాహ్నం ఆమె పని ముగించి హాల్లోకొచ్చింది. ఎవరూ లేరు. చలికి ఎవరూ దుప్పట్లోంచి తల బయట పెట్టలేదు. ఎవరూ ఇదిగో అనలేదు. అలా నిలబడే ఉంది, ఏదో పిలుపు వస్తుందని. రాలేదు. కుర్చీలో కూర్చుంది. ఉన్ని బట్ట ఏదీ లేకుండానే ఆ చల్లగాలి మెడ మీద, మోచేతుల మీద ఆడింది. వంటింటి వేడికి ఎప్పుడూ చిటపటలాడే ఒళ్లు నెమ్మదించింది. ఎక్స్‌రే గది ఎందుకిష్టమో అప్పుడర్థమైంది. తలుపు వేసుంటే ఎవరూ రానందుకే అనుకునేది ఇన్నాళ్లూ. అదొక్కటే కాదు. నాకు చలి ఇష్టం, అనుకుంది. మళ్లీ అనుకుంది. ఎంత చిన్న సంగతి! చెప్పుకోవడానికి ఇంటినిండా మనుషులున్నారు, చెబితే వినడానికి ఒక్కరూ లేరు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో తనతో పాటే తిరుగుతున్న ఒక మనిషిని ఇప్పుడే మొదటిసారి చూసినట్టుంది. పలకరించడానికి మొహమాటంగా కూడా ఉంది.

వంటింట్లోకెళ్లి ఏజెన్సీ ఆవిడకి తనే ఫోను చేసింది. "మీ దగ్గర అన్నిటికన్నా చలిగా ఉండేది ఏది?"

"ఫిన్లాండ్‌లో ఓ చిన్న ఊరి ఆస్పత్రి ఉందమ్మా. అక్కడికి వెళ్తామని ఎవరూ అడగరు. శీతాకాలంలో వెలుతురు తక్కువ, మాట్లాడేవాళ్లూ తక్కువ. పైగా వాళ్లిచ్చేది ఒక్కరుండే గది. ముందు మీరొక్కరే వెళ్లాలి, ఇల్లు కుదిరాక మీవాళ్లు."

"ఒక్కదాన్నేనా?"

"భయమేస్తోందా?"

"వేస్తోంది" అంది. అది అబద్ధం కాదు. కానీ ఆ భయం కూడా పూర్తిగా తనదే. అందరికీ పంచిపెట్టగా అడుగున మిగిలింది కాదు.

ఆదివారం సాయంత్రం భర్తగారు రిమోటు బయటికి తీశారు. మెజారిటీ జర్మనీ అని తీర్మానించారు. మెజారిటీ అంటే ఆయనా, ఆయన గొంతూ. "ఇదిగో, రేపు ఫోను చేసి జర్మనీ అని చెప్పెయ్."

"నా వంతు రాలేదు" అంది ఆమె.

"ఏం వంతు?"

"దేశం వంతు. ముగ్గురివీ అయ్యాయి. నాది ఫిన్లాండ్."

కూతురు ఫోనులోంచి తలెత్తింది. భర్తగారు నవ్వారు. "ఫిన్లాండా! ఏముందే అక్కడ? సరే, నీ సరదా కూడా తీరుద్దాం. ఏం చెయ్యాలి, మళ్లీ ఏసీ వెయ్యమంటావా?"

"అవసరం లేదు. అక్కడికి ముందు నేనొక్కదాన్నే వెళ్లాలిట. అందుకని ట్రయల్ కూడా అలాగే చెయ్యాలి." గుమ్మం పక్కనున్న సంచీ భుజానికి తగిలించుకుంది. "ఆస్పత్రి వెనక స్టాఫ్ క్వార్టర్సులో గది అడిగాను. ఇచ్చారు."

"అదేంటి అమ్మాయ్, మరి మేమో?" అన్నారు అత్తగారు.

"మీకూ ట్రయలే అత్తయ్యా. మీ వారం కూడా ఇవాళే మొదలు. నేను లేని దేశం."

"వేళాకోళమా?" భర్తగారు లేచి నిలబడ్డారు. "వంట ఎవరు చేస్తారు? పొద్దున్నే దీన్ని స్కూలుకి ఎవరు..."

"గొణగకూడదండీ" అంది ఆమె మెల్లగా. "వారం మధ్యలో దేశం మార్చడానికీ వీల్లేదు. మీరు పెట్టిన షరతే."

ఆయన చేతిలోని రిమోటు సోఫా మీద పెట్టేశారు. కూతురు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. తర్వాత మొహం మారిపోయింది. "అమ్మా, రోజూ ఫోను చేస్తావా?"

ఆ మాటకి ఆమె కాళ్లు గడప దగ్గర ఆగిపోయాయి. వెనక్కొచ్చి కూతురి జుట్టు సవరించింది. "నువ్వు చెయ్యి. నేనెత్తుతాను."

అత్తగారు దుప్పటి కిందికి జార్చి, ఎవరితోనో కాదు, గోడతో అన్నారు. "మా రోజుల్లో ఇలాంటి ట్రయల్సు లేకపోయెనే."

క్వార్టర్సు గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కరెంటు పొయ్యి. మర్నాడు పొద్దున్న, డ్యూటీకి ముందు, టీకి నీళ్లు పెట్టింది. పెట్టాక చూసుకుంటే నలుగురికి సరిపడా ఉన్నాయి. ఒంపేసింది. ఒక్కరికి ఎన్ని నీళ్లో తెలియలేదు. కప్పుతోనే కొలిచి పోసింది. చక్కెర ఒక చెంచా వేసి తాగి చూసింది. చాలలేదు. మరో అర చెంచా వేసింది. ఇప్పుడు సరిపోయింది. సరిపోయిందని చెప్పడానికి ఎదురుగా ఖాళీ కుర్చీ కూడా లేదు. ఉన్న ఒక్క కుర్చీలో తనే కూర్చుంది. గది నిశ్శబ్దంగా ఉంది. ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లోవాళ్లు కాదు, ముందు ఇంటి చప్పుడు. ఒంటరితనానికి కూడా అలవాటు పడాలి కాబోలు. ఈసారి అలవాటు పడాల్సింది 'మనం' కాదు, తనొక్కతే.

ఫోను మోగింది. భర్తగారు. "ఇదిగో, చక్కెర డబ్బా ఎక్కడుంది?"

ఆమె అలవాటుగా చెయ్యి చాపబోయింది, గోడలోంచి తీసిచ్చేద్దామన్నట్టు. తర్వాత ఆ చేత్తోనే కప్పు పట్టుకుంది.

"వెతకండి" అంది. "చిన్న దేశమే కదా."

పెట్టేసిన వెంటనే మళ్లీ మోగింది. ఈసారి ఏజెన్సీ ఆవిడ. "సోమవారమమ్మా. మీవారు నిన్న కూడా చేశారు. ఆమెకి ఎక్కడైనా ఒకటే, జర్మనీ రాసెయ్యండి అన్నారు."

ఆమె గాలి పీల్చుకుంది. ఒక్క క్షణం బిగబట్టింది. వదిలేసింది. భుజాలు దిగాయి.

"నాకు ఎక్కడైనా ఒకటే కాదండీ. ఫిన్లాండ్ రాయండి."

అవతల కీబోర్డు చప్పుడు. "రాశాను. మరి మీవాళ్లు ఎప్పుడు వచ్చి చేరతారని పెట్టమంటారు?"

ఆమె కప్పులోకి చూసింది. అడుగున ఏమీ మిగల్లేదు, మొత్తం తనే తాగింది.

"అది ఇంకా ట్రయల్లోనే ఉందండీ" అంది.